కట్ట మీద గుర్తులు

కొలకలూరు,
28 సెప్టెంబరు 2025, ఆదివారం

పిచికమ్మా,

నిన్నిలా పిలిచి ఏడు వారాలైంది. నేను ఫోన్ చేస్తే నువ్వు ఎత్తవు. ఒక్కసారి ఎత్తావు. నువ్వు “అత్తా” అన్నావు, నేను “అమ్మా” అన్నాను, అంతే, ఆ తర్వాత ఇద్దరం ఏడుస్తూనే పెట్టేశాం. అందుకని కాగితం తీసుకున్నా. నాది అయిదో తరగతి చదువు. తప్పులుంటే నవ్వుకో, నువ్వు నవ్వితే నాకూ మంచిదే. పోస్టాఫీసులో కవరడిగితే అక్కడి పిల్ల “ఇంకా ఉత్తరాలు రాసేవాళ్లున్నారా పిన్నీ?” అంది. ఉన్నామమ్మా అన్నాను.

నేను బాగానే ఉన్నా. అంటే లేస్తున్నా, వండుతున్నా. ఒక్కదానికి వండటం మాత్రం చేతకావట్లేదు. చెయ్యి అలవాటున ఇద్దరికి సరిపడా బియ్యం పోస్తోంది. మిగిలింది కుక్కకి పెడుతున్నా. మన అఖిల్ దానికి ట్యూబు అని పేరు పెట్టాడు కదా, ఎవరైనా పిలుస్తుంటే నవ్వొస్తుంది. వీధిలో సైకిలు చప్పుడైతే చాలు, లేచి గేటు దాకా వెళ్లి చూసొస్తుంది. నేనూ అంతే అనుకో.

మీ ఇద్దరి సైకిళ్లూ వరండాలో గోడకి ఆనించే ఉన్నాయి. వాడిది ముందు చక్రం వంకరపోయింది. నీదానికి ఏమీ కాలేదు. రెండూ రోజూ తుడుస్తున్నా. వాడు దాన్ని కొని తెచ్చిన రోజు గుర్తుందా? “ఇంత పోసి కొన్నావు, దీనికి స్టాండేదిరా? బెల్లేది? మడ్‌గార్డేది?” అన్నాను. “ఇది మామూలు సైకిలు కాదమ్మా, గ్రావెల్ బైకు. కంకర దారుల్లో, కాలవ కట్టల మీద తొక్కేది” అన్నాడు. “మీ నాన్న లస్కరుగా ఈ కట్టల మీద కాపలా తిరిగి తిరిగి పోయాడు. ఆయన డొక్కు సైకిలుకి స్టాండుంది” అన్నా. నువ్వు కడుపు పట్టుకుని నవ్వావు. ఆ నవ్వు ఇంకా ఈ ఇంట్లోనే ఉంది.

ఆ శనివారం కూడా గుర్తొస్తోంది. రేపల్లె నుంచి కరకట్ట మీదుగా దారిపొడుగునా పసుపు రిబ్బన్లు కట్టుకుంటూ, మొహమంతా దుమ్ముతో వచ్చి నిలబడ్డావు. “అత్తా, రిబ్బను అయిపోయింది, ఒక్కచోటే మిగిలింది, ఏదన్నా పాత గుడ్డ ఇవ్వు” అన్నావు. నేను చేత్తో గరిటె పట్టుకునే చీర చింపి ఇచ్చా. మర్నాడు మీ సైకిలు వాళ్లందరికీ పులిహోర కట్టాలని హడావుడి. వాడేమో తెనాలిలో, స్కూల్లో పేరెంట్స్ మీటింగని చిక్కుకుపోయాడు. అంత సంబరం మళ్లీ చూడలేదు నేను.

పెద్దకర్మకి వచ్చావు, గుమ్మం బయటే నిలబడి వెళ్లిపోయావు. ఒక్కటి అడుగుదామనుకున్నా, అడగలేకపోయా. ఇప్పుడడుగుతున్నా. వాడి దగ్గరికి మొదట చేరింది నువ్వే. నీ ఒళ్లోనే పోయాడన్నారు. ఏమన్నా అన్నాడా? అమ్మా అన్నాడా? నొప్పన్నాడా? కంకర మీద చక్రం జారింది, తూము రాయి తలకి తగిలింది అని అందరూ చెప్పారు. అది నాకు తెలుసు. నాకు వాడి మాట కావాలి. ఏదైనా తట్టుకుంటా.

వాడి దారుల పుస్తకం నీ సంచీలో ఉండిపోయిందట. పంపించు. వాడి దస్తూరీ చూడాలి.

వచ్చి నీ సైకిలు తీసుకెళ్లు. బచ్చలి తీగ పందిరంతా పాకింది, పప్పు చేస్తా.

మీ అత్త,
కనకరత్నం


బాపట్ల,
8 అక్టోబరు 2025

అత్తకి నమస్కారం.

ఉత్తరం అందింది. బావ పుస్తకం స్పీడ్ పోస్టులో పంపుతున్నాను. తడవకుండా రెండు కవర్లు వేశాను.

బావ ఏమీ అనలేదు. నేను చేరేసరికే మాట పడిపోయింది. ఇక ఆ సంగతి అడగవద్దు.

నా సైకిలు ఎవరికైనా ఇచ్చెయ్. నేనింక తొక్కను. ఆ రోజు వచ్చిన గుంటూరు వాళ్లు ఫిబ్రవరిలో బావ పేరు మీద అదే దారిలో మళ్లీ తొక్కుతామంటున్నారు. దారి గుర్తులు నన్నే పెట్టమన్నారు. నా వల్ల కాదని చెప్పేశాను.

ఇక్కడ కాలేజీ ల్యాబులో పని ఎక్కువగా ఉంది. సెలవు దొరకదు. ఆరోగ్యం జాగ్రత్త.

సాయి సుధ


కొలకలూరు,
24 అక్టోబరు 2025

అమ్మా పిచికా,

పుస్తకం వచ్చింది. దీపావళికి ముందే వచ్చింది. ఊరంతా టపాకాయలు కాలుస్తుంటే నేను గదిలో కూర్చుని వాడితో పాటు కట్టల మీద తిరిగా. వాడు లెక్కల మాస్టారు కదమ్మా, ప్రతిదీ కిలోమీటర్లలో రాశాడు. “కొలకలూరులో కట్ట ఎక్కాలి. నందివెలుగు దాకా సన్న కంకర, హాయిగా పోతుంది. దుగ్గిరాల దాటాక పెద్ద కంకర, చేతులు తిమ్మిరెక్కుతాయి. ఇక్కడ పసుపు వాసన వస్తే ఆగి పీల్చుకోవాలి” అని. కొల్లిపర తర్వాత కరకట్ట ఎక్కితే ఎడంపక్క కృష్ణ, కుడిపక్క అరటి తోటలంట. ఎక్కడ కుక్కలు వెంటపడతాయో, ఎక్కడ చల్ల ఇచ్చే ముసలమ్మ ఉంటుందో, అన్నీ ఉన్నాయి. పెనుమూడి దగ్గర ఏం రాశాడో చూశావా? “ఇక్కడ ఏరు వెడల్పు. పది నిమిషాలు ఎవరితో మాట్లాడకుండా చూడాలి.” రేపల్లె దగ్గర మీ ఇంటి పేరు రాసి “చేపల పులుసు, ఇక రైడు అయిపోయినట్టే” అని రాశాడు. వాగుడుకాయ వెధవ, నోరు మూసుకుని పది నిమిషాలు ఎలా కూర్చున్నాడో అక్కడ.

చివర్లో ఒక పేజీ ఉంది, “నాన్న గుర్తులు” అని. మీ మామయ్య వాణ్ణి సైకిలు ముందు కడ్డీ మీద కూర్చోబెట్టుకుని ఎక్కాల కంటే ముందు ఇవి నేర్పాడు. కట్ట మీద వేపరొట్ట కడితే తూము పూడిందని. తాటాకు పాతితే పాముపుట్ట ఉందని. కర్రకి ఎర్రగుడ్డ కడితే అక్కడ ఎండ్రకాయలు కట్టని లోపల డొల్ల చేశాయని, అటు అడుగెయ్యకుండా అవతలి అంచుకి జరగమని. “ఎర్రగుడ్డ కనపడితే?” అని ఆయన అడగటం, “జరగాలి!” అని వీడు అరవటం. ఇంట్లో కూడా అంతే, నా ఎర్రచీర తీగ మీద ఆరేసుంటే చుట్టూ తిరిగొచ్చేవాడు వేళాకోళానికి. చదివి నవ్వాను. పుస్తకం మూసి ఏడ్చాను. ఈ గుర్తులన్నీ నీకూ తెలుసు కదా?

సైకిలు ఎవరికైనా ఇచ్చెయ్ అని రాశావు. ఆ ముక్క నాకు గుచ్చుకుంది. పక్కింటి సుబ్బాయమ్మ ఊరుకోకుండా “ఆ పిల్లకి రేపల్లెలో సంబంధాలు చూస్తున్నారంట, ఇక రాదులే” అంది. మీ ఇద్దరికీ ముడెయ్యాలని నేనూ మీ నాన్నా అనుకున్నమాట నిజం. అది ఇప్పుడు నీకు బరువు కాకూడదు. పెళ్లి చేసుకో తల్లీ, నేనే వచ్చి అక్షింతలు వేస్తా. కాకపోతే వాడి వస్తువుల్ని వదిలించుకుంటున్నట్టు మాత్రం రాయకు.

వాడు పడిన చోటు నేనింతవరకూ చూడలేదు. ఇంటికి రెండు కిలోమీటర్లే. కాళ్లు రావట్లేదు.

మీ అత్త


బాపట్ల,
6 నవంబరు 2025

అత్తకి,

ఆ పేజీ నేనూ చదివాను. పంపేముందు చింపేద్దామా అనుకుని, చెయ్యి రాక ఊరుకున్నాను.

నువ్వు ఎంచుకుని ఆ పేజీ గురించే రాశావు. రాసి, “నీకూ తెలుసు కదా” అని అడిగావు. అర్థమైందత్తా. ఇంత చుట్టూ తిప్పి అడగక్కర్లేదు. నాకు తెలియదు. మామయ్య పోయేనాటికి నాకు నాలుగేళ్లు. నాకెవరూ నేర్పలేదు.

నువ్వు నన్ను ఏమనుకున్నా అది న్యాయమే. కానీ ఉత్తరాల్లో ఇలా కొంచెం కొంచెంగా వద్దు. ఇక రాయకు.

సుధ


కొలకలూరు,
19 నవంబరు 2025

సుధా,

నేనేమన్నానే? నీ ఉత్తరం నాలుగుసార్లు చదివా. చుట్టూ తిప్పటమేంటి, న్యాయమేంటి? వాడి చిన్నప్పటి ముచ్చట రాశాను. దానికి వాడి పుస్తకం చింపేద్దామనుకున్నానని రాస్తావా? ఆ పేజీలో మీ మామయ్య ఉన్నాడు, నా కొడుకు ఉన్నాడు. నాకు మిగిలింది ఆ కాగితాలే.

సంబంధాల సంగతి రాస్తే దానికి జవాబే లేదు. సరే. నిజమే అనుకున్నా.

తుపానుకి ఇక్కడ వరి అంతా పడిపోయింది. కోతకొచ్చిన చేను నేలమీద చాపలా పరుచుకుంది. లస్కరు అంద్రెయ పగలనక రాత్రనక కట్టల మీదే ఉన్నాడు. జ్వరం తెచ్చుకుని మొన్న వస్తే కషాయం కాచి ఇచ్చాను. “అక్కా, జమలయ్య బావ ఉంటే నాకింత కష్టముండేది కాదు” అన్నాడు. మీ మామయ్య పోయి పంతొమ్మిదేళ్లు, ఇంకా ఆయన్నే తలుచుకుంటారు.

ఇప్పుడు అసలు మాట. పోయిన ఆదివారం గుంటూరు నుంచి సాహితి అని ఒకమ్మాయి వచ్చింది, ఆ రోజు మీతో సైకిలు తొక్కినమ్మాయే. బత్తాయిలు తెచ్చింది. నా పక్కన కూర్చుని మాటల్లో అంది, “మేం వచ్చేసరికి అఖిల్ సుధతో ఏదో చెప్తున్నాడాంటీ, సుధ వంగి వింటోంది” అని. వలుస్తున్న బత్తాయి పక్కన పెట్టి, ఆ మాట మళ్లీ చెప్పించుకున్నా.

మాట పడిపోయిందని నాకు రాశావు. వాడు మాట్లాడాడు. నువ్వు విన్నావు. విని దాచుకున్నావు. నువ్వు రాకపోయినా, ఫోను ఎత్తకపోయినా, సైకిలు వద్దన్నా సర్దుకున్నా. ఇది సర్దుకోలేను. తొమ్మిది నెలలు మోసి ఇరవై ఏడేళ్లు పెంచినదాన్ని, వాడి ఆఖరి మాట నాది. నాది నాకు ఇవ్వు.

నువ్వు రాయవద్దన్నావు కాబట్టి ఇదే ఆఖరు. ఆ మాట వస్తే తప్ప నేనూ రాయను.

కనకరత్నం


బాపట్ల,
1 డిసెంబరు 2025

అత్తా,

చెప్తాను. ఇది చదివాక నువ్వు నా మొహం చూడకపోయినా పరవాలేదు.

ఆ శనివారం రిబ్బన్లన్నీ కట్టేశాక ఒక్క చోటు మిగిలింది. తూము దగ్గర. అక్కడి నుంచి ముందుకి కట్ట బాగుచేస్తున్నారు, మట్టి తవ్వి పడేశారు. అందుకని పొలం వైపు దిగి, కొంతదూరం డొంకలో పోయి మళ్లీ కట్టెక్కాలి. ఆ దిగే మలుపు దగ్గర కట్టడానికే నిన్ను గుడ్డ అడిగాను. నువ్విచ్చింది ఎర్రది అత్తా. నేను దాన్ని కర్రకి కట్టి, పొలం వైపు అంచున పాతాను. అందరికీ దూరానికే కనపడుతుందని సంతోషించాను కూడా. బావ ఇంటికొచ్చేసరికి నేను నిద్రపోయాను. పొద్దున్న బయల్దేరే తొందరలో చెప్పలేదు. చెప్పాలని తోచలేదు. గుర్తు గుర్తే కదా అనుకున్నాను.

బావకి తెలిసింది పసుపు రిబ్బను ఒక్కటే. దారి సరిచూస్తానని అందరికంటే ముందు వెళ్లాడు. నేను దూరం నుంచి చూశాను. బాగా పోతున్నవాడు, ఆ కర్ర దగ్గరికి రాగానే ఉన్నట్టుండి కాలవ వైపు అంచుకి హ్యాండిలు తిప్పేశాడు. అక్కడ కొత్తగా పోసిన కంకర అణగలేదు. చక్రం కూరుకుపోయి జారింది. తూము గోడ మీద పడ్డాడు.

ఎందుకు అటు తిప్పాడో నాకు అప్పుడు అర్థం కాలేదు. నేను తల ఒళ్లో పెట్టుకుంటే కళ్లు తెరిచాడు. చెప్పాడు. “సుధా, కట్ట డొల్లగా ఉంది. ఎర్రగుడ్డ కట్టారు చూడు. వెనకొచ్చేవాళ్లని ఆపు, అటు రానీకు” అన్నాడు. “ఆపుతాను బావా” అన్నాను. “అందర్నీ” అన్నాడు. అంతే. ఇంకేం అనలేదు.

వారం తర్వాత పుస్తకం తెరిచి ఆ పేజీ చదివాను. అప్పుడు తెలిసింది ఎర్రగుడ్డ అంటే ఏం గుర్తో, దాన్ని చూసి బావ ఎందుకు జరిగాడో. ఆ మాట నీకు చెప్తే మిగతాదంతా చెప్పాలి. అందుకే అబద్ధమాడాను. నువ్వు ఆ పేజీ గురించి రాసేసరికి నీకు తెలిసిపోయిందనుకున్నాను.

సంబంధాలేమీ లేవు. ఉన్నా వద్దంటాను. నాన్న వచ్చి చూసి నేను చిక్కిపోయానని గోల చేశాడు. మెస్సులో ప్లేటు ముందు కూర్చుంటే నువ్వు కట్టిచ్చిన పులిహోర గుర్తొస్తుంది. కరకట్ట మీద కూర్చుని తిందామన్నాడు బావ. డబ్బా మూతైనా తియ్యలేదు. నాకు ముద్ద దిగట్లేదత్తా.

నేను చేసింది ఇది. నన్ను ఇక పిచిక అనకు.

సుధ


కొలకలూరు,
15 డిసెంబరు 2025

పిచికా,

అంటాను. నా నోరు, నా ఇష్టం.

ఉన్నదున్నట్టు చెప్తున్నా. నీ ఉత్తరం చదివాక మూడు రోజులు నీ మీద కోపంతోనే ఉన్నా. “ఒక్కమాట, బయల్దేరేటప్పుడు ఒక్కమాట చెప్పుంటే” అనుకుంటూ అంట్లు తోమా, ఊడ్చా. ట్యూబు మీద కూడా అరిచా. నాలుగో రోజు అంద్రెయ కట్ట మీదికి పోతుంటే నేనూ వస్తానన్నా. “నువ్వెందుకక్కా” అన్నాడు. చెప్పులేసుకున్నా.

కర్ర అక్కడే ఉందమ్మా. గుడ్డ ఎండకీ తుపానుకీ వెలిసి చివర్లు పీలికలైంది గానీ ముడి గట్టిగానే ఉంది. నువ్వు ముడి బాగా వేస్తావు. నేను దగ్గరికి పోయేలోపే అంద్రెయ నా రెక్క పట్టుకుని కాలవ వైపుకి లాగాడు. “అటు పోకక్కా, ఎర్రగుడ్డ కనపడలా?” అన్నాడు. నువ్వు కట్టావా అంటే లేదన్నాడు. మరెవరు కట్టారో కనుక్కోలేదా అంటే బుర్ర గోక్కున్నాడు. “ఎవరో కట్టారు కదా అని నాలుగు నెలల్నుంచీ నేనూ పక్కకి జరిగే పోతున్నా” అన్నాడు. తర్వాత గునపంతో పొడిచి చూశాడు. కట్ట రాయిలా ఉంది. ముప్పై ఏళ్లుగా లస్కరు పని చేస్తున్నవాడు కూడా జరిగాడు పిచికా. నా కొడుకు జరగడా?

ఇప్పుడు నాది విను. ఆ గుడ్డలు చింపిచ్చేది ఎవరనుకున్నావు? కాపరానికొచ్చిన దగ్గర్నుంచీ మీ మామయ్యకి నేనే చింపిచ్చేదాన్ని. ఆయన పోయాక అంద్రెయకి ఇస్తున్నా. ఇంట్లో ఎర్రచీర పాతబడితే ఎవరికీ ఇవ్వను, కట్టల కోసమని విడిగా మడతపెడతా. నువ్వు గుడ్డ అడిగినప్పుడు బీరువాలో తెల్లవున్నాయి, పచ్చవున్నాయి. నా చెయ్యి మాత్రం ఆ మడత మీదికే పోయింది. కట్ట మీద కట్టడానికి అన్నావు కదా, కట్టకి ఇచ్చే గుడ్డే ఇచ్చాను. పులిహోర పోపు మాడుతుందని ఒక చూపు అటు, ఒక చూపు ఇటు. నీకు ఆ గుర్తు తెలియదు తల్లీ. నాకు తెలుసు. తెలిసీ ఇచ్చాను.

ఇన్నాళ్లూ నువ్వు అక్కడ ఒక్కదానివి మోస్తున్నది నాది కూడా. నిన్ను క్షమించటానికి నేనెవర్ని? నా తప్పు నువ్వు క్షమిస్తావో లేదో నాకు తెలీదు. అడగను. నాకే ఇంకా మింగుడు పడలేదు.

వాడి మాట అందింది. అమ్మా అనలేదని మొదట వాడి మీదా అలిగా. దాచను. రోజంతా “అందర్నీ” అన్నమాట ఒక్కటే నోట్లో అనుకుంటూ తిరిగా. మీ మామయ్య వానొచ్చినప్పుడల్లా ఇంటికొచ్చి తల తుడుచుకుంటూ ముందు అదే చెప్పేవాడు, “అందర్నీ ఆపేశా రత్నం, అటు ఎవరూ పోరు” అని. వాళ్ల నాన్న లస్కరు ఉద్యోగం వాడికి రాకపోతే ఎంత బాధపడ్డానో. పోతూ పోతూ ఆ పనే చేసి పోయాడు. డొల్ల లేకపోతేనేం, ఉందనే అనుకున్నాడు. మిమ్మల్ని కాపాడాననుకుని కళ్లు మూశాడు. నువ్వు ఆపుతానన్నావు కాబట్టి నిమ్మళంగా మూశాడు. ఆ ఒక్కమాట నువ్వు అన్నందుకు నీ చేతులు పట్టుకుని కళ్లకద్దుకోవాలనుంది.

గుడ్డ విప్పి తెచ్చుకున్నా. ఉతికి వాడి పుస్తకంలో, వాళ్ల నాన్న పేజీలో పెట్టా. కర్ర అంద్రెయ పీకేశాడు. పుస్తకంలో ఆ పేజీ కింద కొంత చోటుంది. “తొక్కేవాళ్ల గుర్తు పసుపు, లస్కర్ల గుర్తు ఎరుపు, రెండూ కలపకూడదు” అని నా వంకర అక్షరాలతో రాశాను. మాస్టారు పుస్తకంలో నేను రాయటమేంటో.

తెనాలి వెళ్లి పసుపు గుడ్డ తానులోంచి కోయించుకొచ్చా. వరండాలో కూర్చుని పీలికలు చింపుతున్నా. ఫిబ్రవరికి సాహితి వాళ్లు వస్తారట. నువ్వు కడితే నువ్వు. లేకపోతే నేనూ అంద్రెయా నడుచుకుంటూ కట్టగలిగినంత దూరం కడతాం. రమ్మని బలవంతం లేదు. నీ సైకిలు గొలుసుకి నూనె రాశా. ఎవరికీ ఇవ్వలేదు.

ఆ రోజు మిగిలిన పులిహోర నేను కాలవలో కలిపేశా. మళ్లీ చెయ్యలేదు. నువ్వొచ్చిన రోజు చేస్తా. ఇద్దరం కరకట్ట మీద కూర్చుని, వాడు రాసినట్టు మాట్లాడకుండా తిందాం.

అప్పటిదాకా మెస్సులో ఏది పెడితే అది తిను. చిన్నప్పట్లా మెతుకులు ఏరకు. బాగుండకపోతే పచ్చడి పంపిస్తా, మీ నాన్న వచ్చినప్పుడు. 

మీ అత్త,
కనకరత్నం

ఈ ఉత్తరం మడిచి పక్కన పెట్టి, ముందు లేచి అన్నం తిను తల్లీ. కడుపునిండా తిను.